రాజుగారు చూసిచ్చిన సీసా

"నాన్నగారు చూశారండి. తర్వాత నేనూ చూశాను. సీసాలో ఏ తేడా లేదు."

మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ ఇందుజ ఈ మాటే, ఇదే వరసలో చెప్పింది. నిజం చెప్పేవాళ్లు ఒకే సంగతిని మూడు రకాలుగా చెబుతారు. ముక్క కూడా మారకుండా చెప్పేది బట్టీ పట్టినవాళ్లే. అది నేను కనిపెట్టానని ఆమెకూ తెలిసింది. అయినా తల దించుకోలేదు.

కామవరపుకోట అవతల, మెట్ట పొలాల మధ్య అబ్బాయిరాజుగారి డిస్టిలరీ వరండాలో కూర్చున్నాం. సోమవారం, పది దాటింది. ఇందుజను అరెస్టు చేసి ఏలూరు తీసుకుపోవడానికి ఎక్సైజ్ సి.ఐ. దుర్గాసాయి అప్పటికే జీపు తెప్పించి గేటు దగ్గర పెట్టించాడు. నాకు మిగిలింది ఈ ఒక్క పూట.

కేసు చిన్నదే. సొంత చేలో పండిన మొక్కజొన్నతో ఈ తండ్రీకూతుళ్లు వోడ్కా తీస్తారు. పేరు 'కండె'. తాడేపల్లిగూడెంలో రెండు హోటళ్లున్న సత్యానందం గురువారం సాయంత్రం ఈ వరండాలోనే కూర్చుని దాని రుచి చూశాడు. శుక్రవారం మధ్యాహ్నానికి కళ్ల ముందు అంతా తెల్లగా ఉందన్నాడు. శనివారం తెల్లారేసరికి మనిషి లేడు. పోస్టుమార్టంలో మిథనాల్ విషం తేలింది. బట్టీ బాధ్యురాలిగా లైసెన్సు మీద ఉన్నది ఇందుజ పేరు.

నన్ను పెట్టుకున్నది ఆమె భర్త ప్రదీప్. నిన్న మధ్యాహ్నం ఏలూరులో నా ఆఫీసుకి వచ్చాడు. "రూబెన్ గారూ, మామయ్యగారు చూసిచ్చిన సీసాకి వంక ఉండదండీ. ఆ సత్యానందం గారు గూడెం వెళ్లాక ఇంకెక్కడో తాగుంటారు. మా ఆవిణ్ని బయటపడెయ్యండి, చాలు" అన్నాడు. మందు తీసే ఇంటికి ఇల్లరికం వచ్చి, ఇంతవరకు చుక్క ముట్టని మనిషి. ఆ సంగతి తనే చెప్పి తనే సిగ్గుపడ్డాడు. నా దగ్గర్నుంచి నేరుగా కొల్లేరు పక్కనున్న సత్యానందం సొంతూరు వెళుతున్నానని, వాళ్లన్నగారితో మాట్లాడి, ఇవాళ భూస్థాపనకు కూడా ఉండి వస్తానని అన్నాడు. మంచిదే, వెళ్లి రండి అన్నాను.

"రూబెన్ గారండీ."

దుర్గాసాయి ముక్కు తుడుచుకుంటూ వచ్చి కుర్చీ లాక్కున్నాడు. రొంపతో గొంతు బొంగురుపోయింది కానీ మర్యాద ఎక్కడికీ పోలేదు. మా గోదావరి జిల్లాల్లో తిట్టదలుచుకున్నవాడు రెండు అండీలు ఎక్కువ పెడతాడు.

"మీరు పెళ్లి సంబంధాల ఎంక్వైరీల్లో దిట్టని విన్నానండీ. ఇది బట్టీ వ్యవహారం. మీకెందుకండీ ఈ శ్రమ?"

"పెళ్లికొడుకు తాగుతాడో లేదో కనిపెట్టేది మేమేనండి. కాస్త అనుభవం ఉంది."

"అలాగా. అయితే మీకు అర్థమయ్యేలా చెబుతాను. బట్టీలోంచి ముందుగా వచ్చే ధార పారబోయాలి. విషమంతా అందులోనే ఉంటుంది. ఈవిడ పారబోయలేదు. నిర్లక్ష్యం. ఒక నిండు ప్రాణం పోయింది."

"మొక్కజొన్న పులిస్తే వచ్చే మొదటి ధారలో అంత మిథనాల్ ఎక్కడిదండీ? తాగితే తల పగిలిపోతుంది, కడుపులో తిప్పుతుంది. ఒక్క గ్లాసుకి మనిషి పోడు. మీ ల్యాబ్ వాళ్లని అడగండి."

దుర్గాసాయి చేతిరుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అయితే బయటినుంచి కలిసిందంటారు. కలిపిందెవరండీ? అప్పుడిది నిర్లక్ష్యం కాదు, హత్య. మీ క్లయింటుకి మేలు చేస్తున్నారో, మెడకి ఉరి బిగిస్తున్నారో ఒకసారి చూసుకోండి మరి."

ఆ మాటకి నేను ఇందుజ వైపు తిరిగాను. మొహంలో భయం కనిపించలేదు. నిర్లక్ష్యం అన్నప్పుడు నెమ్మదిగా ఉన్న మనిషి, బయటినుంచి కలిసిందనేసరికి వరండా చివర కూర్చున్న తండ్రివైపు ఒక్కసారి చూసింది.

అబ్బాయిరాజుగారు వంటింటి గుమ్మం పక్కన పడక్కుర్చీలో ఉన్నారు. డెబ్బై దాటిన మనిషి. తెల్లటి పంచె, నలగని చొక్కా. తన ఇంట్లో తాగి ఒక మనిషి పోయాడన్న దగ్గర్నుంచి మాట పడిపోయినట్టు కూర్చున్నారు. ఆ పక్కనే పొయ్యి మీద పాలు పొంగి మాడుతున్నాయి. కంపు మా దాకా కొట్టింది. వరండా ఆ చివర్నుంచి ఈ చివరికి కొట్టిన కంపు, గుమ్మం పక్కనున్న రాజుగారిని కదిలించలేదు. ఇందుజ ఒక్క పరుగున వెళ్లి పొయ్యి కట్టేసింది.

పెరట్లోంచి వచ్చిన వెంకటనరసమ్మగారు భర్తను చూసి నిట్టూర్చారు. "ఏవండీ, ఇక్కడే ఉన్నారు కదండీ, ఒక కేకెయ్యకూడదా?" తర్వాత నాకు టీ ఇస్తూ మెల్లిగా అన్నారు. "ఏవనుకోకండి బాబూ. ఇదివరకైతే తాలింపు రవ్వంత మాడితే కంచం తోసేసేవారు. రెండేళ్ల కిందట జొరవొచ్చి లేచారు చూడండి, అప్పట్నుంచీ ఏం పెట్టినా కిక్కురుమనకుండా తింటున్నారు. ఆ గంగానమ్మ తల్లి దయవల్ల మనిషి మెత్తబడ్డారు."

ఆ మాట అప్పటికి నా చెవిలో పడింది కానీ బుర్రలో పడలేదు.

*

బట్టీగది తలుపుకున్న సీలు దుర్గాసాయి తనే తీశాడు. లోపల రాగి బట్టీ, స్టీలు ట్యాంకు, సీసాలు కడిగే తొట్టి. గోడకు ఒక అరమర. అంతా ఆస్పత్రంత శుభ్రంగా ఉంది.

"మా సరుకేంటో తెలీకుండా మా మీద ఎంక్వైరీ ఏం చేస్తారండి? ముందు రుచి చూడండి," అంది ఇందుజ. ట్యాంకు కుళాయి తిప్పి రెండు చిన్న గ్లాసుల్లో పట్టింది.

"మీకేమైనా అయితే నా పూచీ లేదండోయ్," అన్నాడు దుర్గాసాయి.

ఇందుజ ముందు తన అరచేతిలో నాలుగు చుక్కలు వేసుకుని, రెండు చేతులూ రుద్ది, దోసిలి ముక్కుకి ఆనించింది. ఒకసారి. మళ్లీ ఒకసారి. అప్పుడు గ్లాసెత్తి గుటక వేసింది. నన్నూ అలాగే చెయ్యమంది. చేశాను. స్పిరిట్ ఆరిపోయాక అరచేతుల్లో బొగ్గుల మీద కాలిన మొక్కజొన్న పొత్తు వాసన మిగిలింది. నోట్లో పోసుకుంటే మంట అనుకున్నంత లేదు. ముందు చల్లగా, తర్వాత లేత గింజ కొరికితే వచ్చే పాలలాంటి తీపి, చివర్న గొంతు దిగేటప్పుడు వెచ్చగా. నేను తాగుబోతుని కాను గానీ మంచి సరుకు ఏదో తెలుసు. ఇంత పద్ధతిగా తీసిన చేతులు విషాన్ని పారబోయడం మర్చిపోతాయంటే నమ్మబుద్ధి కాలేదు.

ఒక సంగతి మాత్రం పట్టుకున్నాను. ఈ ట్యాంకు సరుకుని రెండుసార్లు వాసన చూస్తేగానీ నోట్లో పెట్టని మనిషి, సత్యానందం సీసా సంగతి అడిగితే మాత్రం 'చూశాను' అంటుంది. అంతకు మించి ఒక్క ముక్క చెప్పదు.

"ఆ రోజు సీసా ఈ ట్యాంకులోంచే పట్టారా?"

"కాదండి. అతిథులకి వేరే ఉంటుంది. చేను బాగా పండిన కోతలది తీసి క్యాన్‌లో దాస్తారు నాన్నగారు. ఆయనే తన చేత్తో పడతారు."

అరమరలో రెండు తెల్లటి ప్లాస్టిక్ క్యాన్లు పక్కపక్కన ఉన్నాయి. రెండిటి లేబుళ్లూ గోడవైపు తిరిగి ఉన్నాయి.

"ఇలా తిప్పి పెట్టారేం?"

"నాన్నగారి పద్ధతండి. లేబులు చదువుకుని పట్టేది కొట్లో గుమాస్తా అంటారు. ఆయన ముక్కుతోనే ఎంచుతారు."

మొదటి క్యాన్ మూత తీశాను. కాలిన పొత్తు వాసన. రెండో క్యాన్ మూతికి ఇత్తడి గరాటు ఒకటి దిగబడి ఉంది. దాన్ని పైకి లాగేసరికి ముక్కు అదిరిపోయింది. రంగుల కొట్లో కొట్టే కంపు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"సి.ఐ. గారూ, మీరు ఈ క్యాన్లు చూశారా?"

"చూడకేమండీ. రెండూ తీసి చూశాం. రెండిట్లోనూ తెల్లటి సరుకే. ల్యాబ్‌కి పంపాలి."

"వాసన?"

దుర్గాసాయి ముక్కు ఎగబీల్చుకున్నాడు. జవాబు అదే. పాపం, మూడు రోజులుగా రొంపతో ఉన్నాడు.

"ఇందుజగారూ, ఇందులో ఏముంది?"

ఆమె నా చేతిలో గరాటు వైపు చూసింది. "సీసాల మీద తేదీ కొట్టే మిషన్ ఉందండి. దాన్ని కడిగే స్పిరిట్."

"అందులో మిథనాలే ఉంటుంది. మరి ఈ గరాటెవరిది?"

ఆమె బదులు దుర్గాసాయి చెప్పాడు. "రాజుగారిది. ఇంకెవరూ ముట్టుకోరట. వాళ్లమ్మగారే చెప్పారు." చెబుతూ చెబుతూ ఆగిపోయాడు. కళ్లు వెడల్పయ్యాయి. "అంటే రాజుగారే కావాలని..."

"కావాలని చేసేవాడు గరాటు అందులోనే వదిలి వెళ్తాడా అండీ? ముక్కున్న మనిషెవడూ ఈ క్యాన్‌లోంచి అతిథికి సీసా పట్టడు."

ఆ మాట నా నోట్లోంచి వచ్చాకే నాకు వినపడింది. ముక్కున్న మనిషెవడూ. గుమ్మం పక్కన మాడిన పాలు గుర్తొచ్చాయి. జొరవొచ్చి లేచాక మెత్తబడ్డారన్న ఇల్లాలి మాట గుర్తొచ్చింది.

మన భాషలో ఒక వెసులుబాటుంది. కంటితో చూసినా చూడటమే, ముక్కుతో చూసినా చూడటమే, నాలుకతో చూసినా చూడటమే. మూడు రోజులుగా ఈ ఇంట్లో అందరూ 'చూశారు, చూశాను' అంటుంటే దుర్గాసాయి రాసుకున్నాడు, నేను తలూపాను.

"ఇందుజగారూ, ఆ సీసా మీరూ చూశానన్నారు. దేంతో చూశారు?"

ఆమె తొట్టి గట్టు మీద కూలబడింది.

"కళ్లతోనండి."

"రాజుగారికి వాసన తెలీదు కదూ?"

"జొరం తగ్గాక పోయిందండి. వస్తుందన్నారు డాక్టరుగారు, రాలేదు. నాకొక్కదానికే తెలుసు. నాకు తెలుసని నాన్నగారికి తెలీదు. ప్రతి సరుకూ ఆయన చూసి బాగుందని వెళ్లిపోయాక, వెనకాల నేను మళ్లీ చూసేదాన్ని. దొంగతనంగా. ఆయన చూశాక ఇంకొకళ్లు చూడటం ఈ ఇంట్లో లేదండి. అది ఆయన్ని కొట్టినట్టే." కొంగుతో మొహం తుడుచుకుంది. "గురువారం ఆయనే సీసా పట్టుకొచ్చి తిన్నగా గ్లాసులో పోసేశారు. గ్లాసు నా పక్కనుంచే వెళ్లింది. ఏదో ఘాటు తగిలింది. మిషన్ కడిగారు కదా, చేతికి అంటుకుందేమో అనుకున్నాను. అలా అనుకోవాలనిపించిందండి. సత్యానందం గారు మొదటి గుక్కకే మొహం చిట్లించారు. నాన్నగారు ఎదురుగా నిలబడి 'ఎలా ఉందండి' అన్నారు. 'మీరు చూసిచ్చాక తిరుగేముందండి రాజుగారూ' అని ఆయన గ్లాసంతా తాగేశారు."

మర్యాద కోసం ఒకాయన తాగేశాడు. మర్యాద కోసం ఒకామె నోరు మూసుకుంది. ఇందులో హంతకుడని వేలెత్తి చూపించడానికి నాకొక్కరూ దొరకలేదు. ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను, కేసు విప్పినందుకు ఇంత దిగులు ఎప్పుడూ పడలేదు.

"నన్ను తీసుకెళ్లనివ్వండి," అంది ఇందుజ, ఇద్దరికీ చేతులు జోడించి. "నిర్లక్ష్యమనే రాసుకోండి. నిజమే కదా అది. నాన్నగారి ముక్కు పోయిందని ఆయన ఎదుట మాత్రం అనకండి. ఆయన బతకరండి."

దుర్గాసాయి తల అడ్డంగా ఊపాడు. "బాగా అల్లారండీ ఇద్దరూ కలిసి. కూతుర్ని తప్పించడానికి ముసలాయన ముక్కు మీద పెట్టేస్తారా? రుజువేదండీ? డాక్టరు కాగితం ఉందా?"

"కాగితం లేదండి," అంది ఇందుజ.

"అయితే అమ్మా, జీపెక్కండి."

నన్ను పెట్టుకున్నవాడు కోరింది ఒక్కటే, మా ఆవిణ్ని బయటపడెయ్యమని. నేను చిన్న స్టీలు గ్లాసు తీసుకుని రెండో క్యాన్ వంచాను. ఇందుజ నా చెయ్యి పట్టుకుంది. విడిపించుకున్నాను. ఆ పట్టు నా మణికట్టు మీద ఇంకా ఉన్నట్టే ఉంటుంది.

*

"రాజుగారూ, తాగక్కర్లేదండి. అరచేతిలో వేసుకుని ఇది ఏ కోతదో చెప్పగలరా?"

ఆ మొహంలో వెలుగు రావడం అప్పుడే చూశాను. తనవల్ల అయ్యే పని ఒకటి ఎవరో అడిగారు. పడక్కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "ఆయ్, దానికేముందండి. ఇలా తెండి."

దోసిలి పట్టారు. కాసిని చుక్కలు పోశాను. రెండు చేతులూ రుద్దారు. గుప్పుమంది కంపు. వెంకటనరసమ్మగారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. రొంపతో ఉన్న దుర్గాసాయికి సైతం దగ్గు తెర కమ్మింది, చేతిరుమాలు తీసి ఒకడుగు వెనక్కి వేశాడు. రాజుగారు కళ్లు మూసుకుని, దోసిలి మొహానికి ఆనించుకుని, గుండెల నిండా పీల్చారు.

"మనదేనండి. పోయిన కోతది. కమ్మగా ఉంది."

ఆయన కళ్లు తెరిచి భార్య కొంగు చూశారు, సి.ఐ. చేతిరుమాలు చూశారు, కూతురి కన్నీళ్లు చూశారు. తర్వాత తన అరచేతులు చూసుకున్నారు.

"ఇందూ, ఏంటమ్మా ఇది?"

"ఏం లేదు నాన్నగారూ."

"ఇందూ."

"మిషన్ కడిగేదండి."

ఆయన చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. "నీకు తెలుసా?"

"తెలుసండి."

"ఎప్పట్నుంచి?"

"మీరు దాచుకున్నప్పట్నుంచే."

వెంకటనరసమ్మగారు గుమ్మం పట్టుకుని నిలబడ్డారు. "అంటే కూరలు కూడా తెలీకేనా అండీ? నేను మీకు నచ్చేలా వండుతున్నాననుకున్నాను," అన్నారు. రాజుగారు ఆవిడవైపు చూడలేకపోయారు. మొహం తిప్పుకున్న ఆ పెద్దమనిషిని చూస్తుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

దుర్గాసాయి గొంతు తగ్గించాడు. మొదటిసారి అందులో వెటకారం లేదు. "రాజుగారూ, అమ్మాయిగారు రానక్కర్లేదండి. మీరు ఒకసారి నాతో రావాలి."

"వస్తాను బాబూ. ఆయన్ని పొట్టన పెట్టుకున్నది నేనే." లేవబోయి ఆగారు. దేన్నో లెక్క చూసుకుంటున్నట్టు వేళ్లు కదిలాయి. "ఆ రోజు ఆ క్యాన్‌లోంచి నేను రెండు సీసాలు పట్టానండి."

"రెండోదేదండి?" అన్నాను.

జవాబు వెంకటనరసమ్మగారు చెప్పారు, ఇంకా కళ్లు తుడుచుకుంటూనే. "అల్లుడుగారికిచ్చారు కదండీ. అతిథికొకటి, అల్లుడుగారికొకటి. ఎవరికైనా చూపించుకుంటారని నేనే కార్లో పెట్టించాను."

ఇందుజ అప్పటికే ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. నేను అది అందుకుని స్పీకరు నొక్కాను. అయిదారు రింగులు వెళ్లాయి.

"ఇందూ," అన్నాడు ప్రదీప్. గొంతు హుషారుగా ఉంది. "నేనే చేద్దామనుకుంటున్నాను. రూబెన్ గారున్నారా అక్కడ? పనైపోయిందని చెప్పు. రాత్రి సత్యానందం గారి అన్నగారి ఎదుట మామయ్యగారు ఇచ్చిన సీసా తెరిచి నేనే తాగి చూపించాను. గ్లాసు నిండా. మొదటిసారి కదా, కడుపులో దేవేసింది. ఎలా తాగుతారో జనం దీన్ని. అయినా చూడు, నాకేమైంది? నిక్షేపంలా ఉన్నాను. కాస్త తలనొప్పి, అంతే. సి.ఐ. గారికి చెప్పు, ఆ సీసాలో ఏమీ లేదని."

ఇందుజ నా వైపు తిరిగింది. నేనే అడిగాను. "ప్రదీప్ గారూ, ఎక్కడున్నారు మీరు?"

"చెరువుగట్టు మీదండి, కారు పక్కనే. భూస్థాపనకి బయల్దేరాలి. ఈ కొల్లేరు మంచు ఏంటండీ బాబూ, ఇంకా విడలేదు. ఎదురుగా ఉన్న కారే ఆనడం లేదు నాకు. కొంచెం పల్చబడ్డాక వెళ్దామని ఆగాను."

గోడ గడియారం పన్నెండు కొట్టబోతోంది. కొల్లేటి మంచు కాస్త ఆలస్యంగా విడిచే రోజులూ ఉంటాయని నాకు నేను చెప్పుకున్నాను. అదే అయి ఉండాలని దేవుణ్ని అడిగాను కూడా. అంతలో ఫోనులో, ప్రదీప్ వెనక ఎక్కడినుంచో, ఒక పెద్దాయన గొంతు వినపడింది.

"అంత ఎండలో నిలబడ్డారేంటి బాబూ, ఇలా నీడకి రండి."